నీ బిర్యానీ బాకీ సంగతి

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ బక్కోడా,

ఎట్లున్నావురా? మొన్న ఫోన్ చేసి, 'ది గోల్డెన్ కంపాస్' సినిమాకు రెండో పార్ట్ వస్తదా రాదా అన్న మన పాత పందెం తీసి, "పందెం నేనే గెలిచిన, బిర్యానీ నువ్వే పెట్టాలె" అని ఒక్క మాట అనేసి, సిగ్నల్ లేదంటూ పెట్టేశావు. అప్పటినుంచి అదే తిరుగుతోంది బుర్రలో. ఫోన్‌లో నీతో వాదించడం నా వల్ల కాదు, సగం మాట కూడా పూర్తి కానివ్వవు. అందుకే కాగితం, కలం పట్టుకుని కూర్చున్నా. ఇక్కడైతే నువ్వు అడ్డం రాలేవు.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లనే ఉన్నాయి, నిన్ను అడిగానని రాయమంది. మా పెద్దది ఏడో తరగతికొచ్చింది. స్కూల్ లైబ్రరీ నుంచి ఇటుకంత ఇంగ్లీష్ పుస్తకం ఒకటి తెచ్చుకుని రెండు వారాలు తిండి కూడా దానితోనే తిన్నది. ఏందా అని చూస్తే, అదేరా, ఫిలిప్ పుల్మన్ 'నార్తర్న్ లైట్స్'! ఆ కథలో ప్రతి మనిషి ఆత్మ ఒక జంతువై పక్కనే నడుస్తుంది కదా, ఇంట్లో ఎవరికి ఏ జంతువో తేల్చేసింది. వాళ్ల నాయనమ్మకు కోడిపెట్ట. నాకు బర్రె. మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు.

తర్వాత ఆ పుస్తకం మీదే తీసిన 'ది గోల్డెన్ కంపాస్' సినిమా ఉందని తెలిసి, వెతికి పెట్టుకుని చూసింది. అయిపోగానే నా దగ్గరికొచ్చి "డాడీ, రెండో పార్ట్ ఏది?" అంది. నాకు దిల్‌సుఖ్‌నగర్ రూము కళ్ల ముందు తిరిగింది.

గుర్తుందా? 2008 ఎండాకాలం. కోచింగ్ ఎగ్గొట్టి 'ది గోల్డెన్ కంపాస్' సీడీలు అద్దెకు తెచ్చావు. టేబుల్ ఫ్యాన్ కంప్యూటర్ వైపు తిప్పి, మనం చెమటలు కక్కుకుంటూ చూశాం. రెండో సీడీ అయిపోయింది, తెర మీద పేర్లు పడుతున్నాయి. నువ్వేమో కవర్ తిరగేసి, మంచం కింద దూరి, మూడో సీడీ కోసం వెతుకుతున్నావు. "వాడు ఒక సీడీ ఇయ్యడం మర్చిపోయిండు" అని కిందికి దిగి షాపు వాడితో లొల్లి కూడా పెట్టుకున్నావు. పాపం వాడి తప్పేం లేదు. సినిమానే అక్కడ ఆపేశారు.

ఆ రాత్రే పందెం. "ప్రపంచమంతా కలిపి 372 మిలియన్ డాలర్లు వచ్చినయి. 180 పెట్టి తీసిండ్రు. రెట్టింపు వచ్చినంక రెండో భాగం తియ్యక ఏం జేస్తరు?" అని నువ్వు. రాదని నేను. అప్పుడు నా దగ్గర పెద్ద తెలివేం లేదురా, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. మా చిన్నాయన మాట ఒకటి చెవిలో ఉంది, అంతే.

చిన్నాయన నీకు తెలుసు కదా, హైదరాబాద్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెప్‌గా చేసేవాడు. రీళ్ల డబ్బాలు ఆర్టీసీ బస్సులో వచ్చేవి, ఈయన బస్టాండులో దించుకుని రిక్షాలో హాలుకు తీసుకెళ్లేవాడు. ప్రతి ఆటకూ బుకింగ్ కిటికీ పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. నేల టికెట్టు ఏ నంబరు దగ్గర మొదలైంది, ఏ నంబరు దగ్గర ఆగింది, బాల్కనీ ఎన్ని తెగాయి, అన్నీ కార్బన్ పేపరు పెట్టి రాయాలి. సెకండ్ షో అయ్యాక కూడికలు. చిన్నప్పుడు నేను ఆయన పక్కన కూర్చుని సోడా తాగుతూ, హాలు నిండింది కాబట్టి సినిమా హిట్టే కదా అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా "గ్రాస్ ఎంతని అడగకు బిడ్డా, షేర్ ఎంతని అడుగు. అది ఎవల జేబుల పడ్డదో అడుగు" అన్నాడు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే హాలు వాటా పోగా మిగిలేది.

ఇప్పుడు ఈ సినిమాకు ఆ లెక్క పెట్టి చూడు.

మన దగ్గర సినిమా మొదలవగానే నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఆంధ్ర ఇంకొకరికి అమ్మేస్తారు కదా. ఈ సినిమా తీసిన న్యూ లైన్ కంపెనీ కూడా అదే పని చేసింది. సినిమా తీయడానికి డబ్బు కావాలి కాబట్టి, అమెరికా తన దగ్గర పెట్టుకుని బయటి దేశాల హక్కులు ముందుగానే అమ్మేసుకుంది. 2007 డిసెంబర్‌లో రిలీజైంది. అమెరికాలో మొదటి వీకెండ్ 26 మిలియన్లు కూడా దాటలేదు. మొత్తం ఆడినా 70 దగ్గరే ఆగింది. అందులో దాదాపు సగం హాళ్లకే పోతుంది, పబ్లిసిటీ ఖర్చు వేరే. బయటి దేశాల్లో మాత్రం 300 మిలియన్లకు పైనే కుమ్మింది. ఆ లాభమంతా ఎవరిది? ముందే కొనుక్కున్న వాళ్లది. నైజాంలో బయ్యర్ పండగ చేసుకుంటుంటే ప్రొడ్యూసర్ ఇంట్లో పొయ్యి వెలగనట్టు.

నువ్వు అప్పుడూ ఇప్పుడూ పట్టుకోని పాయింటు ఇదేరా. బాగుపడ్డ వాళ్లకు రెండో భాగం తీసే హక్కు లేదు. తీసే హక్కున్నవాడి చెయ్యి కాలింది. మళ్లీ అదే పొయ్యిలో చెయ్యెందుకు పెడతాడు?

తమాషా ఏందంటే, 2008 ఫిబ్రవరి 24న ఈ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. నాలుగు రోజులకు, 28న, న్యూ లైన్‌ను వార్నర్ బ్రదర్స్‌లో కలిపేస్తున్నామని ప్రకటన వచ్చింది. మనం సీడీ వేసుకుని పందెం కాసే నాటికే ఆ దుకాణం మూసేశార్రా! మనిద్దరికీ తెలియదు, అంతే.

"మరి అదే కంపెనీ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలూ ఎట్ల తీసింది?" అంటావు, తెలుసు. అక్కడ రెండు సినిమాలుగా తీస్తానని డైరెక్టర్ వస్తే, పుస్తకాలు మూడుంటే సినిమాలు రెండేంది అన్నాడట కంపెనీ పెద్ద బాబ్ షే. మూడూ ఒకేసారి న్యూజిలాండ్‌లో షూట్ చేసేశారు. కాబట్టి మొదటిది ఆడినా ఆడకపోయినా మిగతావి డబ్బాల్లో ఉన్నట్టే. అప్పుడు కూడా బయటి హక్కులు ముందే అమ్మారు. కాకపోతే అమెరికాలోనే మొదటి భాగానికి 300 మిలియన్లకు పైగా వచ్చాయి, ఎవరికీ ఏడుపు లేదు. మన 'పొన్నియిన్ సెల్వన్' కూడా అంతే, రెండు భాగాలూ కలిపే తీసుకున్నారు, 2022లో ఒకటి, 2023లో ఒకటి. ఒక్కో నాటుకు ఒక్కో మొక్కు మొక్కి దిగే బాపతు వేరు, మొత్తం మడి ఒకేసారి నాటేసే బాపతు వేరు.

అమెరికాలో ఎందుకు ఆడలేదంటే, ఒకవైపు, పుస్తకం చర్చిని తప్పుపడుతుందని కాథలిక్ లీగ్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు చూడొద్దని ప్రచారం చేశారు. ఇంకోవైపు చర్చి గొడవను కథలో పలచన చేశారని పుస్తకం అభిమానులు అలిగారు. భయపడి నీళ్లు కలిపితే ఎవరికీ రుచించలేదు.

కానీ నా కోపం దాని మీద కూడా కాదు. పుస్తకం చివర్లో రోజర్ అనే పిల్లవాడు చచ్చిపోతాడు కదా. తన స్నేహితుడైన వాణ్ణి కాపాడుకోవాలని కథానాయిక లైరా అంత దూరం వస్తుంది, చివరికి తనే వాణ్ణి చావు దగ్గరికి తెచ్చినట్టవుతుంది. ఆ పేజీలు చదివి మా పెద్దది ఆ రాత్రి నా పక్కన వచ్చి పడుకుంది. ఆ భాగం షూట్ చేసి కూడా కోసేశారు, రెండో సినిమా మొదట్లో పెట్టుకుందామని. 'బాహుబలి' మొదటి భాగం కత్తిపోటు దగ్గర ఆపారు కాబట్టి రెండేళ్లు దేశమంతా కట్టప్ప గురించే అడిగింది. వీళ్లు కత్తిపోటునే కోసి దాచిపెట్టుకున్నారు. రేపటి కూర కోసం ఇవాళ్టి కూరలో ఉప్పెయ్యకపోతే రేపు విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు?

హాలీవుడ్ సినిమా 'డ్యూన్' చూడు. పేరు పడేటప్పుడే పార్ట్ వన్ అని రాసుకున్నారు. 165 మిలియన్లు పెడితే 400 చిల్లర వచ్చింది, అది కూడా అమెరికాలో అదే రోజు ఇంట్లో చూసే వీలుండగా. లెక్కేస్తే ఖర్చుకు రెండున్నర రెట్లు కూడా లేదు. అయినా 2021 అక్టోబర్ 22న అక్కడ రిలీజైతే, 26న రెండో భాగం ఖాయం చేశారు. వస్తున్న డబ్బు, నిర్ణయం తీసుకునేవాడు ఒకే ఇంట్లో ఉన్నారు మరి.

ఇక నీ అసలు వాదన: 2019లో ఇదే కథ మీద 'హిజ్ డార్క్ మెటీరియల్స్' అనే టీవీ సిరీస్ మొదలై 2022 దాకా మూడు సీజన్లూ వచ్చి కథ పూర్తయింది కాబట్టి పందెం నీదే అని. అరేయ్, నటులు వేరు, తీసినవాళ్లు వేరు, మొదటి పుస్తకం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పక్కింటి వాళ్లు కొత్తగా పెళ్లి చేసుకుంటే మా పెళ్లికి రెండో రోజు భోజనం పెట్టినట్టు అవుతుందా? పందెం 'రెండో పార్ట్' అనే కదా. మంచం కింద నువ్వు వెతికిన ఆ మూడో సీడీ ఇప్పటికీ రాలేదు.

మా పెద్దదాన్ని తీర్పు చెప్పమన్నా. కాసేపు ఆలోచించి "అంకుల్ సగం, నువ్వు సగం పెట్టుకోండి, నాకు మాత్రం ఫుల్లు" అంది. దాని జంతువు నక్క అని నా అనుమానం.

వచ్చే నెల వస్తానన్నావుగా. దానికి రెండో పుస్తకం అయిపోవచ్చింది, మూడోది లైబ్రరీలో లేదు, క్లాక్ టవర్ దగ్గర రెండు షాపుల్లో అడిగినా దొరకలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడు, 'ది అంబర్ స్పైగ్లాస్' పేరు. దొరికితే పట్టుకురా. డబ్బులు బిర్యానీలో కొట్టేద్దాం.

నీ
బర్రె