జింక పేరున్నవన్నీ జింకలు కావు

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు జిల్లాలో కృష్ణజింకల మందలు శనగ చేలను మేసేస్తున్నాయని ఇటీవల మీ పత్రికలో వార్త వచ్చింది. రైతుల గోడు చక్కగా రాశారు. పక్కన వేసిన ఫొటో మాత్రం చుక్కల దుప్పిది. ముప్పయ్యేళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, అంటే దుప్పి; ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. పేరు కలిసింది కదా అని రెండూ ఒకే కుటుంబమనుకుంటాం. దుప్పి, కణితి (సాంబార్) అసలైన జింక జాతివి. కృష్ణజింక, మనుబోతు (నీల్‌గాయ్) మాత్రం ఆవు, మేక ఉన్న కుటుంబానికి చెందినవి.

కొమ్ము చూస్తే తేడా తెలిసిపోతుంది. దుప్పుల్లో మగవాటికే కొమ్ములుంటాయి. అవి పూర్తిగా ఎముకే, కొమ్మలుగా చీలుతాయి, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మొలిచే రోజుల్లో వాటిపై నూగు చర్మం, అందులో పారే నెత్తురు ఉంటాయి. హైదరాబాద్ వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలిలో ఒక దుప్పి చెట్టు మానుకు కొమ్ములు రాస్తుంటే దగ్గర నుంచి చూశాను. ఎండిన చర్మం పీలికలై చెవి మీదికి వేలాడుతోంది. దాని కింద నెత్తుటి చారలతో కొత్త ఎముక. అక్కడే తిరిగే కృష్ణజింకకు ఈ బాధ లేదు. దాని మెలికల కొమ్ము ఆవు కొమ్ములాంటిదే. లోపల ఎముక, పైన మన గోళ్ల పదార్థంతో తొడుగు. చీలదు, రాలదు.

కెనడాలో ఉన్న మా అమ్మాయి అక్కడి పెద్ద జింక మూస్ ఫొటో పంపింది. మనిషిని మించిన ఎత్తు, వేలాడే మూతి, చేటల్లాంటి కొమ్ములు. మా చిన్న మనవడు దున్నపోతు అనుకున్నాడు. ఆ చేట కొమ్ములు కూడా ఏటా రాలిపోయేవే. ఐదారు వందల కిలోలు తూగే ఆ మూస్ మన చుక్కల దుప్పికి సొంత చుట్టం. దుప్పిలాగే నాజూకుగా కనిపించే కృష్ణజింక దానికి మూస్ కంటే దూరపు బంధువు.

పేరు తప్పితే పని కూడా తప్పుతుంది. దుప్పికి చెట్ల నీడ, అడవి అంచు కావాలి. కృష్ణజింక బయలు గడ్డినేలల జీవి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడమే దానికున్న రక్షణ. చేలల్లో పడ్డవాటిని పట్టి దట్టమైన అడవిలో వదలాలని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ చెట్ల మధ్య అది ఎటు పరుగెత్తాలి? గడ్డినేలలకు బంజరని పేరు పెట్టి దున్నేస్తే, లేదా మొక్కలతో నింపేస్తే, అది శనగ చేలోకి రాక ఎక్కడికి పోతుంది? నంద్యాల జిల్లా రోళ్లపాడు లాంటి గడ్డినేలలు మిగలాలి. పంట పోయిన రైతుకు పరిహారం ఆ పంట కాలం దాటకుండా అందాలి. ఈ రెండింటి గురించీ మీరు గట్టిగా రాయాలి.

అడవి అంచు ఊళ్లలో ఇప్పటికీ దుప్పి, కణితి, మనుబోతు అని విడివిడిగానే పిలుస్తారు. వార్తల్లో ఆ మాటలే వాడండి. ఈసారి శనగ చేల కబురు రాసినప్పుడు మెలికల కొమ్ముల ఫొటో వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు