మావోరీ అతిథుల రాక: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం. చెన్నైలో అంతర్జాతీయ చరిత్ర సదస్సుకు వచ్చిన నలుగురు మావోరీలు (న్యూజిలాండ్ ఆదివాసులు) మన ఇందుకూరుపేట మండలంలోని యానాది కాలనీలో ఒక రోజు గడిపి వెళ్లారు. ఆ కార్యక్రమం లెక్క ఇది.

జమ: రసీదుల మీద వసూలైన చందాలు 61,350 రూపాయలు. ఒక రైస్ మిల్లు యజమాని 20,000, హైస్కూలు పూర్వ విద్యార్థులు 15,000 ఇచ్చారు. మొత్తం 96,350.

ఖర్చు: చెన్నై వ్యాను, దోర్నాల నుంచి నల్లమల చెంచులను తెచ్చిన వ్యాను కలిపి 31,000. భోజనాలకు 24,800. చేపల పులుసుకే ఎక్కువైంది, తిన్నవాళ్లెవరూ వంక పెట్టలేదు లెండి. షామియానా, కుర్చీలు, మైకు 9,500. మాటలు అటూ ఇటూ చెప్పిన లెక్చరర్‌కు 5,000. ఫ్లెక్సీ, రసీదు పుస్తకాలు 2,350.

ఇక కూలి. యానాదులు, చెంచులు 18 మందికి రోజుకు 600 చొప్పున రెండు రోజులకు 21,600 ఇచ్చాం. "వాళ్ల కార్యక్రమానికి వాళ్లకే కూలా?" అని కొందరు దాతలు అడిగారు. రొయ్యల చెరువుల దగ్గరి పని మానుకుని వచ్చారు వాళ్లు. సదస్సుల్లో మాట్లాడే ప్రొఫెసర్లకు టీఏ, డీఏ ఇస్తారు. వీళ్లకు మాత్రం శాలువా కప్పి పంపేస్తే ఎలా? వాళ్లు వచ్చింది డాన్సు చేసి చూపించడానికి కాదు. 1840లో బ్రిటిష్ ప్రభుత్వానికీ మావోరీ పెద్దలకూ కుదిరిన వైతాంగి ఒప్పందం గురించి, తర్వాత పోయిన భూముల గురించి, ఆ ఒప్పందం ఉల్లంఘనల విచారణకు 1975లో పెట్టిన ట్రిబ్యునల్‌లో నడుస్తున్న దావాల గురించి మావోరీలు చెప్పారు. రాకెట్ కేంద్రం వచ్చాక శ్రీహరికోట అడవి తమకు ఎలా దూరమైందో యానాది పెద్దాయన చెప్పి, "మీకు చూపించడానికి కాగితమన్నా ఉంది" అన్నాడు. మధ్యాహ్నమంతా చేపల బుట్టల అల్లిక మీదే గడిచింది. పాముల్లా పొడవుగా ఉండే ఈల్ చేపలను పట్టడానికి తీగలతో అల్లే తమ బుట్ట ఫోటోలు మావోరీలు చూపిస్తే, మనవాళ్లు ఎదురుగా కూర్చుని అల్లి చూపించారు.

అతిథులు తమ ఆచారం ప్రకారం డబ్బు పెట్టిన కవరు ఇచ్చారు. అది జమలో ఎందుకు లేదని అడుగుతున్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం అనుమతి లేని సంఘం విదేశీయుల నుంచి రూపాయల్లో కూడా విరాళం తీసుకోకూడదు. విషయం చెప్పి అప్పుడే తిరిగి ఇచ్చేశాం. పెద్దలకు ఎవరికి వారికి ఇచ్చిన నార సంచులు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మొత్తం ఖర్చు 94,250. మిగులు 2,100. దీంతో ఫోటోలు ప్రింట్ వేయించి చెంచు గూడేనికి పంపాలనుకుంటున్నాం. అభ్యంతరం ఉన్నవాళ్లు నెలాఖరులోగా చెప్పండి. బిల్లులు, కూలి తీసుకున్నవారి సంతకాలు, వేలిముద్రల పుస్తకం గ్రంథాలయంలో ఉన్నాయి.

— ఆహ్వాన కమిటీ