కమిషనర్ గారూ, మా పార్కులో ఆ గుంటలు ఇంకెన్నిసార్లు తవ్విస్తారు?

మునిసిపల్ కమిషనర్ గారికి నమస్కారాలు.

పార్కులో మొక్కల గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మూడు అర్జీలు ఇచ్చాను. మూడు రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మొక్కలే లేవు.

మొదట కోనోకార్పస్ పెట్టారు. పుప్పొడితో అలెర్జీ అని, వేళ్లు పైపుల్లోకి పోతున్నాయని గొడవ రాగానే మొదలంటా కొట్టేశారు. సరే, ఆ గుంటల్లోనే రాయల్ పామ్‌లు వేశారు. క్యూబా వైపు చెట్టండీ అది, చిన్నప్పుడు వేరు దగ్గర తడి ఆరితే బతకదు. మనవాళ్లు నాటింది మే నెల ఎండల్లో, గరుసు నేలలో, అడుగు లోతు గుంటలో! కడియం నర్సరీల నుంచి ఎంత జాగ్రత్తగా వచ్చాయో, వేరుముద్దకి కట్టిన ప్లాస్టిక్ గోనె కూడా విప్పకుండా అంత జాగ్రత్తగానూ పూడ్చారు. ఎండిపోయిన ఒకదాన్ని నేనే పీకి చూశాను. వేళ్లన్నీ గోనెలోనే చుట్టుకుని ఉన్నాయి.

రోజు విడిచి రోజు ట్యాంకర్ వస్తుందని మీరే మైకులో చెప్పారు. ఫొటోల రోజు వచ్చింది. మీరు తనిఖీకి వచ్చినప్పుడు ఇంకోసారి వచ్చింది. మిగతా రోజులు మా ఇంటి సంపు నీళ్లే బకెట్లతో మోశాను. మోకాళ్ల నొప్పులు నావి, మోటారు బిల్లు కూడా నాదే. ఆ బిల్లు మీకు పంపమని మా ఆవిడ పోరు.

ఇప్పుడు మూడో విడత: తురాయి. ఎర్రగా పూస్తే నాకూ ఇష్టమే. కానీ కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి, పెద్ద గాలివానకి ఒరిగిపోతుంది. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా కరెంటు తీగల కింద పెట్టారు! నాలుగేళ్లకి లైన్‌మన్ వచ్చి నడిమికి నరుకుతాడు, మళ్లీ గుంట, మళ్లీ టెండరు.

అయ్యా, తీగల కింద దేవగన్నేరు చాలదా? ఖాళీ ఉన్నచోట రేల, పొగడ వేయించండి. పొగడ నిదానంగా పెరుగుతుంది, అందుకే కాంట్రాక్టర్లకి నచ్చదేమో. మూడడుగుల గుంట తీయించి, పశువుల ఎరువు కలిపించి, తొలకరి పడ్డాక నాటించండి. గోనె విప్పమనండి. ఆ ట్యాంకర్‌ని మొదటి రెండు వేసవులైనా పంపండి, దండం పెడతాను.

వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. నాలుగో రసీదు రాసి ఉంచమనండి.

ఇట్లు,
పార్కు ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్