పాత వస్తువులు, కొత్త పాపాయి: ఇకపై మేం చేసేవి, చేయనివి

ఇంట్లో బిడ్డ పుట్టబోతోందని తెలియగానే అటక మీద పెట్టె కిందికి దిగుతుంది. తాతగారి ఊయల, అమ్మమ్మ గిలక్కాయ, నాన్న తొడుక్కున్న చిన్న చొక్కా బాగుచేయించుకోవడానికి మా దగ్గరికి వస్తాయి. మా వ్యాపారమే అది. అందుకే ఇప్పుడు చెప్పబోయేది మా పొట్ట మేమే కొట్టుకుంటున్నట్టు అనిపించవచ్చు. ఇకనుంచి ప్రతి వస్తువునీ పరీక్షించి ‘బిడ్డ వాడొచ్చు’ అనో, ‘దాచుకోవడానికే’ అనో చీటీ రాసిస్తాం. రెండో చీటీ పడ్డ వస్తువును వాడకానికి సిద్ధం చేయమంటే ఆ పని ఒప్పుకోం. కొన్ని ఆర్డర్లు పోతాయని తెలుసు.

పేచీ ఎక్కువగా వచ్చేది ఊయలలు, పిల్లల మంచాల దగ్గరే. పాత రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో దాన్ని అమెరికా 1978లో నిషేధించింది, చాలా దేశాలు ఇంకా ఆలస్యంగా మేలుకున్నాయి. పళ్లు వచ్చే వయసులో పిల్లలు అంచు దొరికితే చాలు, కొరుకుతారు. “పైన కొత్త రంగు వేసేయండి, సరిపోతుంది” అంటారు. సరిపోదు. పెచ్చు లేచిందంటే కొత్త రంగుతో పాటు కింది సీసమూ నోట్లోకే పోతుంది. గీకితే లేచే దుమ్ము ఇంకా ప్రమాదం. ఇక మంచం పట్టీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారి తల ఇరుక్కుపోవచ్చు. టేపు పెట్టి మీ ముందే కొలుస్తాం. “మేమంతా ఇందులోనే పెరిగాం కదండీ” అనే మాట తరచూ వింటాం. పెరిగారు, సంతోషం. చీటీ మాత్రం మారదు.

వెండితో ఇంత గొడవ లేదు. గిలక్కాయ అయితే అతుకులు గట్టిగా ఉన్నాయా, లోపలి గుండ్లు బయటపడతాయా అని చూస్తాం. ఈమధ్య వచ్చిన ఒకదాని పిడి మీద పంటి గాట్లున్నాయి, కొన్ని లోతుగా, కొన్ని వెంట్రుకంత సన్నగా. నున్నగా చేసేయమన్నారు. ముందు అవి ఎవరి పళ్లో ఇంట్లో కనుక్కోమన్నాం. నావంటే నావని అన్నదమ్ములు వాదులాడుకున్నారట! గాట్లు అలాగే ఉంచి ఇచ్చాం.

వెండి మీది నలుపు గాలిలోని గంధకం వల్ల వచ్చేది. రుద్దిన ప్రతిసారీ కాస్త వెండి కూడా పోతుంది, చెక్కిన అక్షరాలు అరుగుతాయి. అందుకే తళతళలాడేలా చేయమంటే మేం కొంచెం వెనకాడతాం. పాత పేరు చెరిపి పాపాయి పేరు చెక్కమని కూడా అడుగుతుంటారు. చెరపాలంటే రేకును అరగదీయాలి, పల్చబడుతుంది. కింద చోటుంటే అక్కడ చెక్కుతాం. చోటు లేకపోతే వెనకవైపు.

బట్టల్లో మమ్మల్ని భయపెట్టేది కలరా ఉండల వాసన. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటి పసికందుకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదరవచ్చు. ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన వదలని ఉన్ని శాలువాకు రెండో చీటీయే.

ఇలా ఒక్కోటీ పరీక్షించడం వల్ల పని ఆలస్యమవుతోంది. కాన్పు తేదీలోగా అందదేమోనని మీకు టెన్షన్, మాకూ టెన్షన్. నిజానికి మీ డెలివరీ, మా డెలివరీ ఒకేరోజు జరగాలన్న రూలేమీ లేదు. పుట్టిన బిడ్డ గిలక్కాయ పట్టుకునేసరికి నెలలు పడుతుంది.

ఇప్పటికే మా దగ్గరున్న వస్తువుల యజమానులకు పని మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి చీటీ చదివి వినిపిస్తాం. వద్దనుకుంటే అడ్వాన్స్ పూర్తిగా వాపసు ఇస్తాం. కొత్తగా పంపేవాళ్లు వెండికి రబ్బరు బ్యాండ్లు చుట్టకండి. వాటిలోనూ గంధకం ఉంటుంది, నల్లటి చారలు పడతాయి. మెత్తని నూలు గుడ్డ చాలు.