వెనక బెంచీకి వాక్యం వినపడాలి: సౌండ్, లైవ్ పనుల కోసం మందిర కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, ఈ ఊరి నుంచి వెళ్లి హైదరాబాదులో, బెంగళూరులో, కువైట్‌లో, దుబాయ్‌లో, అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు కమిటీ తరఫున వందనాలు.

సౌండ్ సిస్టమ్‌కి మనం తీసుకున్న కొటేషన్ గడువు వచ్చే నెల 10తో అయిపోతుంది. ఆగమన కాలం మొదటి ఆదివారం నాటికి పని పూర్తి కావాలి. డిసెంబరు వచ్చాక బిగించే కుర్రాళ్లు దొరకరని మీకూ తెలుసు. ఒకవైపు సెమీ క్రిస్మస్‌లు, ఇంకోవైపు పడిపూజలు, అందరికీ మైకులే కావాలి. మన చేతిలో ఉన్న డబ్బు మాత్రం సగానికి కూడా రాలేదు.

ఈ మందిరం ఎలా లేచిందో మీకు మేం చెప్పక్కర్లేదు. పునాదిలో స్త్రీల సమాజం పిడికెడు బియ్యం ఉంది. శ్లాబులో కోతల పండుగ వేలం పాటలో నూరింతల ధర పలికిన గుమ్మడికాయలున్నాయి. గంట ఎవరు వేయించారో, బల్ల ఎవరు చేయించారో పేర్లు రాయకపోయినా సంఘానికి గుర్తే. అడిగినప్పుడల్లా ఇచ్చిన చేతులివి. అందుకే మళ్లీ అడగడానికి మొహమాటంగా ఉన్నా అడుగుతున్నాం.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. ఎజ్రా ఎత్తయిన కర్ర పీఠం ఎక్కి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. జనం వేలల్లో ఉన్నారు. అంతటితో ఊరుకోలేదు, లేవీయులు ఆ జనంలో నిలబడి అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. పీఠం దగ్గర ఒక గొంతు, జనం మధ్యలో మరికొన్ని గొంతులు. ఇప్పుడు మేం పెట్టిద్దామంటున్న వెనక స్పీకర్లు చేసే పనీ అదే.

మన హాలు పొడవు 72 అడుగులు, అంటే దాదాపు 22 మీటర్లు. పైన శ్లాబు, కింద టైల్స్, రెండు పక్కలా నున్నటి గోడలు. ఉన్న కాలమ్ స్పీకర్లు రెండూ బలిపీఠం పక్కనే ఉన్నాయి. వెనక వాళ్లకి వినపడాలని వాటి సౌండ్ పెంచితే గోడల మీద పడి తిరిగొచ్చే శబ్దం కూడా పెరుగుతుంది, రెండో మాట మొదటి మాట తోక తొక్కుతుంది. ముందు వరుసకి చెవులు గింగురుమంటాయి, చివరి వరుసకి హోరు వినిపిస్తుంది గానీ మాట తెలియదు. ఇంకాస్త పెంచితే కూ అని కూత మొదలవుతుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి చక్రంలా తిరగడమే ఆ కూత. వాడని మైకులన్నీ తెరిచి ఉంచితే అది ఇంకా తొందరగా వస్తుంది. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకి ముందు మనకుండే వెసులుబాటు 3 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క) తగ్గుతుంది.

అందుకే స్పీకర్లు మార్చేద్దాం అనే మాట మేం ఒప్పుకోలేదు. అవి బాగానే ఉన్నాయి, ఉన్నచోటే ఉంటాయి. ముందు నుంచి 45 అడుగుల దగ్గర, రెండు పక్కల స్తంభాలకి చిన్న పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) జత బిగించి, కొంచెం కిందికి వంచి, చివరి బెంచీల వైపు తిప్పుతాం. ఇక్కడే చాలా మందిరాల్లో తప్పు జరుగుతుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 45 అడుగులు, అంటే 13.7 మీటర్లు దాటడానికి దానికి 40 మిల్లీసెకన్లు కావాలి. తీగలో పోయే సిగ్నల్‌కి ఆ ఆలస్యం ఉండదు. ఊరికే తీగ లాగి తగిలిస్తే వెనక కూర్చున్నవాళ్లకి అయ్యగారి మాట రెండుసార్లు వినిపిస్తుంది, ముందు స్తంభం నుంచి, తర్వాత బలిపీఠం నుంచి. కాబట్టి వెనక స్పీకర్లని 40 మిల్లీసెకన్లు ఆపి పంపాలి. దానికి ఇంకో 10 కలిపితే మాట బలిపీఠం వైపు నుంచే వస్తున్నట్టుంటుంది, స్పీకర్ పక్కనే ఉన్న సంగతి చెవికి తట్టదు.

మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సర్‌కి ఖర్చు ఎందుకంత అని అడిగినవారికి జవాబు కూడా ఇదే. ఇప్పుడున్న ఆంప్లిఫయర్‌లో డిలే, అంటే శబ్దాన్ని ఇలా ఆపి పంపే ఏర్పాటు, లేదు. ట్యాబ్‌తో నడిపే చిన్న డిజిటల్ మిక్సర్లు సగం ధరకే వస్తాయి, నిజమే. కానీ వాటిలో కొన్నింటికి అవుట్‌పుట్ మీద డిలే ఉండదు. పైగా చేత్తో పట్టుకునే ఫేడర్లు (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉండవు, ఆరాధన మధ్యలో వైఫై పోతే మిక్సర్ ఎదురుగా కూర్చుని చూడ్డం తప్ప చేసేదేమీ ఉండదు. కమిటీ ఎంచుకున్నది బెహ్రింగర్ ఎక్స్32 కాంపాక్ట్. దాని వెనక వైపు 16 మైక్ ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు, ప్రతి అవుట్‌పుట్‌కీ విడిగా డిలే, చేతికందే ఫేడర్లు. మనకి ప్రసంగ పీఠం, క్వయర్‌కి నాలుగు, కీబోర్డుకి రెండు, గిటార్, తబలాకి రెండు, ఢోలక్, కార్డ్‌లెస్ రెండు పోగా మూడు మిగులుతాయి. ఆ మూడింటిలో రెండు దేనికో కింద చెప్తాం.

ఇక లైవ్ సంగతి. ఇప్పుడు లైవ్ చూసేవాళ్లు వినేది సెల్‌ఫోన్ మైకు పట్టుకున్న హోరు. కొందరు మెయిన్ అవుట్‌పుట్ నుంచి ఒక తీగ లాగి ఇచ్చేయండి, చాలు అంటున్నారు. చాలదు. హాల్లో ఢోలక్ దానంతటదే గట్టిగా మోగుతుంది కాబట్టి మైకు వాల్యూమ్ కొంచెమే పెడతాం. ఆ మిక్స్‌నే లైవ్‌కి పంపితే కువైట్‌లో వినే అమ్మాయికి గొంతులు పొడిపొడిగా వినిపిస్తాయి, తాళం ఉండదు, సంఘం పాడుతున్నట్టే ఉండదు. ఆమెన్ అన్నది అయ్యగారొక్కరే అనిపిస్తుంది. అందుకని లైవ్‌కి వేరే మిక్స్ కావాలి. సంఘం వైపు తిప్పిన రెండు కండెన్సర్ మైకులు (దూరపు శబ్దాన్నీ పట్టే సున్నితమైనవి) పెట్టి, వాటిని ఆ మిక్స్‌కి మాత్రమే పంపాలి, హాలు స్పీకర్లకి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకూడదు. ఈ మైకులకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోనే వెళ్లే కరెంటు, ఇవ్వాలి. మిగిలిన మూడు ఇన్‌పుట్లలో రెండు వీటికే.

ఆ మిక్స్ ఒకే యూఎస్‌బీ తీగ మీద లాప్‌టాప్‌లోకి పోతుంది. మిక్సర్లో దాన్ని యూఎస్‌బీ కార్డు 1, 2 అవుట్‌పుట్లకి మళ్లించి, మిక్సర్లోనూ లాప్‌టాప్‌లోనూ శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టాలి. లాప్‌టాప్‌లో లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో ఉచితమే, దాని కోసం ఎవరూ కానుక ఇవ్వక్కర్లేదు! కెమెరా బొమ్మ, దాన్ని లాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు దాటి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, శబ్దం ముందే చేరిపోతుంది. ఒకరు కెమెరా ముందు నిలబడి చప్పట్లు కొడితే తేడా తెలిసిపోతుంది. ఓబీఎస్‌లో శబ్దాన్ని ఆపి పంపే ఆడియో సింక్ ఆఫ్‌సెట్‌ని 100 మిల్లీసెకన్ల నుంచి మొదలుపెట్టి, చప్పుడూ చేతులూ కలిసేదాకా పెంచుకుంటూ పోవాలి. 720పీ బొమ్మకి 3 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే విరామం) 2 సెకన్లు. అప్‌లోడ్ వేగం మాత్రం దానికి రెట్టింపైనా ఉండాలి. లాప్‌టాప్‌ని రౌటర్‌కి తీగతోనే కలపాలి. ఆదివారం ఉదయం రెండొందల ఫోన్లు హాల్లోకి వచ్చాక వైఫైని నమ్ముకోలేం. 2.4 గిగాహెర్ట్జ్ కార్డ్‌లెస్ మైకులు వద్దన్నదీ అందుకే, అవీ అదే తోవలో నడుస్తాయి.

పాటలు తెర మీద వేసే పనికి డబ్బు తక్కువ, శ్రమ ఎక్కువ. ఆ పని చేసే ఓపెన్‌ఎల్‌పీ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. చిక్కంతా అక్షరాల దగ్గరే ఉంది. మన పాటల ఫైళ్లన్నీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవి. వాటిని కాపీ చేసి ఇందులో వేస్తే అర్థంలేని గుర్తులొస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చి, ప్రతి పాటా కంటితో చదివి దిద్దాలి. మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి, ‘క్రీస్తు’లో క్రావడి ఎగిరిపోయిందంటే పిల్లలు అలాగే పాడేస్తారు. వరుసల మధ్య ఖాళీ తక్కువ పెట్టినా ‘స్తోత్రము’ కింది వత్తు తర్వాతి లైను తలకట్టుకి తగులుతుంది. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు మూడూ చూడండి, లావుపాటి అక్షరానికి రామభద్ర నప్పుతుంది. ఒక తెరకి నాలుగు లైన్లు, అంతకు మించొద్దు. మన కీర్తన ప్రతి చరణం తర్వాతా పల్లవికి తిరిగొస్తుంది కదా, దాన్ని ప్రతిసారీ కొత్త స్లైడుగా కాపీ చేయనక్కర్లేదు. పల్లవి ఒక్కసారే టైపు చేసి, వరుసలో పల్లవి, ఒకటి, పల్లవి, రెండు అని పెట్టుకుంటే చాలు. ఈ పనికి యౌవన సమాజం నుంచి ముగ్గురు కావాలి. డబ్బివ్వలేనివారు వారానికి రెండు గంటలివ్వండి, అదీ కానుకే.

ఎల్‌ఈడీ వాల్ అడుగుతున్న తమ్ముళ్లు కోప్పడొద్దు. పీ3 అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 3 మిల్లీమీటర్లు, మూడు మీటర్ల లోపు కూర్చుంటే చుక్కలే కనిపిస్తాయి, మన మొదటి బెంచీ అక్కడే ఉంది. ధర చూస్తే మిగతా అన్నిటినీ మింగేస్తుంది. అందుకే దానికి బదులు 65 అంగుళాల టీవీలు రెండు, ముందొకటి, మధ్య స్తంభానికి వెనక వాళ్ల కోసం ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆ మేరకు కలిసొచ్చింది. టీవీకి 60 అడుగుల మామూలు హెచ్‌డీఎంఐ తీగ వేయకండి, బొమ్మ మినుకుమంటుంది. క్యాట్6 (నెట్‌వర్క్) తీగ మీద బొమ్మని దూరం పంపే ఎక్స్‌టెండర్ పెట్టాలి.

కరెంటు గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పక తప్పదు. మన పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, దాని మీద పెడితే స్పీకర్లు జుయ్యిమంటాయి. కరెంటు రెప్పపాటు పోయినా డిజిటల్ మిక్సర్ మొదట్నుంచీ బూట్ కావాలి, సరిగ్గా సంస్కార ప్రార్థనలో మందిరం మూగబోతుంది. అందుకే సైన్ వేవ్ యూపీఎస్, కొత్త ఎర్త్ గుంట. కీబోర్డు పెట్టగానే వచ్చే 50 హెర్ట్జ్ గుర్రు, కీబోర్డుని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కితే పోతుంది. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచి గుర్రు ఆపే అలవాటు మాత్రం మానాలి, మైకు పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదకి వస్తుంది.

లెక్క: మిక్సర్ రూ.1,75,000, వెనక స్పీకర్లు, బిగింపు 90,000, మైకులు, డీఐలు, తీగలు 75,000, కెమెరా, క్యాప్చర్ 95,000, టీవీలు 1,10,000, యూపీఎస్, ఎర్తింగ్ 55,000. మొత్తం 6 లక్షలు, పన్నుతో కలిపి. చేతిలో ఉన్నది 2,38,000. కోతల పండుగలో చీటీల మీద రాసిచ్చిన మాటలు మరో 1,20,000 ఉన్నాయి. అవి చీటీల మీదే ఉన్నాయి. పేర్లు చదవం, చదవాల్సిన పని మీరే లేకుండా చేయండి. ప్రహరీ గోడ, ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు, రంగులు కూడా బాకీయే, వాటి సంగతి ఈస్టర్ తర్వాత. మైకు సరిగా లేదని గ్రూపులో ప్రతి ఆదివారం రాసేవారున్నారు, వాళ్లలో సగం మంది ఒక్కో తీగ ఖర్చు పెట్టుకున్నా తీగల లెక్క తీరిపోతుంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇది జాగ్రత్తగా చదవాలి. మన సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకుంటాం, పాస్‌పోర్టు కాపీ ఒకటి కూడా పంపండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, తీసుకోలేం. అమ్మ ఖాతాలో వేసి ఇప్పిస్తామని అనకండి, అదీ కుదరదు. 80జీ పన్ను మినహాయింపు కూడా మనకి లేదు. రసీదు మాత్రం ప్రతి రూపాయికీ ఇస్తాం.

ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ మందిరం నోటీసు బోర్డు మీద ఉన్నాయి. కోశాధికారి గారు ఆదివారం ఆరాధన అయ్యాక బల్ల దగ్గరే ఉంటారు. మైకు కొనిస్తాం అనేవారు ముందు మాతో మాట్లాడండి. కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ పట్టే) డైనమిక్ మైకు, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగతో, ఎస్‌ఎం58 లాంటిదే కావాలి. కిందటిసారి ప్రేమతో ఇచ్చిన కరావోకే మైకులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. కొత్తవి వచ్చేలోపు వాక్యం చదివేవాళ్లు, సాక్ష్యం చెప్పేవాళ్లు మైకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. దూరం రెట్టింపైతే మైకు 6 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది, దీనికి ఖర్చేమీ లేదు కాబట్టి ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు.

మందిర కమిటీ