జీడిపండ్ల ప్రెస్సుకు జాకీ కంటే ఫ్రేమే ముఖ్యం

ఎడిటర్ గారికి,

ఉద్దానంలో జీడిపిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం అక్షరాలా నిజం. పిక్కకు 80 కిలోల బస్తా లెక్కన ధర కడతారు, పండును అడిగే నాథుడు లేడు. అయితే ఆ పండు రసం పిండే యంత్రం గురించి ‘బాటిల్ జాకీతో (బండ్లను ఎత్తే చిన్న ఆయిల్ జాకీ) ప్రెస్సు ఎవరైనా చేసుకోవచ్చు’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. అది చదివి ఇనుప డ్రమ్ముకు చిల్లులు పొడిచి, పది టన్నుల జాకీ ఎక్కించేవాళ్లు తప్పకుండా ఉంటారు. రెండూ తప్పే.

జీడిపండు వగరుకు ఇనుము తగిలితే రసం నల్లబడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము నానిన నీళ్లు పడగానే నలుపు తేలేది కూడా ఇందుకే. జింకు పూత ఉన్న డ్రమ్మయితే పులుపుకు ఆ పూతే కరిగి రసంలోకి దిగుతుంది. అందుకే రసం తగిలే పంజరం (పండు ముక్కలు పెట్టి నొక్కే చిల్లుల డబ్బా), తట్ట, కోసే కత్తి అన్నీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. పంజరానికి 2 మి.మీ. మందం, 3 మి.మీ. చిల్లులున్న రేకు తీసుకుని 30 సెం.మీ. వ్యాసం, 35 సెం.మీ. ఎత్తున చుట్టించి, బయట మూడు పట్టీలు వేయించాలి. ఫ్రేము మామూలు ఇనుముదైనా ఫరవాలేదు, రసం దాని మీద పడకుండా చూసుకుంటే చాలు.

జాకీకి రెండు టన్నులు చాలు. పంజరంలో ముక్కల్ని నొక్కే 29 సెం.మీ. వ్యాసం పలక మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోల ఒత్తిడి వస్తుంది, ఈ పండుకు అంతకంటే అక్కర్లేదు. పది టన్నులు పెడితే అది 15 కిలోలవుతుంది. అప్పుడు ముక్కలు కట్టిన సంచి చిరుగుతుంది, లేదా పంజరం అతుకు దగ్గర విచ్చుకుంటుంది. జాకీని తలకిందులుగా బిగించకూడదు, లోపలి పంపుకు ఆయిల్ అందక అది పని చేయదు. పలక మీద నిలబెట్టి ఫ్రేము పై దూలాన్ని నెట్టేలా పెట్టాలి. దాని కింద చిన్న స్టీలు పళ్లెం తప్పనిసరి. సీలు అరిగిన జాకీ నుంచి కారే ఆయిల్ తిండి సరుకులో కలవకూడదు.

మన వెల్డింగ్ షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు దూలం దగ్గరే. 75 మి.మీ. సీ చానల్‌ను (ఇంగ్లీషు C ఆకారపు ఇనుప కమ్మీ) పడుకోబెట్టి అతికేస్తారు. అలా పెడితే 45 సెం.మీ. నిడివికి రెండు టన్నుల బరువు మీద వంగిపోతుంది. అదే చానల్‌ను వెడల్పు ముఖం నిలువుగా ఉండేలా పెట్టి, రెండింటిని వీపు వీపు ఆనించి బిగిస్తే కదలదు. కింది దూలం కూడా అంతే. నిలువు కాళ్లకు వెల్డింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ప్రతి మూలకు రెండు 12 మి.మీ. బోల్టులు వేయాలి. విప్పి ఇంకో తోటకు తీసుకెళ్లడానికీ వీలుంటుంది.

పండు రాలిన రోజే పిండాలి, మర్నాటికి పులుపెక్కుతుంది. పిక్కను పూర్తిగా తిప్పి తీసేయాలి. ఒక్క పిక్క పంజరంలో నలిగినా పెంకులోని జీడి నూనె రసంలో కలుస్తుంది. అది నోరు పొక్కిస్తుంది, ఆ రసం పారబోయడమే. పండును నాలుగు ముక్కలు చేస్తే చాలు. మిక్సీలో మెత్తగా చేస్తే గుజ్జు సంచిలోంచి బయటికొచ్చి చిల్లుల్ని మూసేస్తుంది. ఐదేసి కిలోల ముక్కలు నైలాన్ సంచుల్లో కట్టి, రెండింటి మధ్య చిల్లుల పళ్లెం పెట్టి పేర్చాలి. జాకీ కొట్టే చెయ్యి నెమ్మదిగా ఉండాలి: ధార మొదలవగానే ఆపి, సన్నబడ్డాక మళ్లీ రెండు మూడు పోట్లు. తొందరపడితే అంచు బిగుసుకుని నడుమ తడి అలాగే ఉండిపోతుంది. ముద్ద దిగేకొద్దీ జాకీ అందదు కాబట్టి చెక్క దిమ్మలు రెండు మూడు చేతికందేలా ఉంచుకోవాలి. పది కిలోలకు ఆరు లీటర్ల దాకా రసం వస్తుంది.

వగరు తగ్గడానికి లీటరుకు 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని గంజిలా కాచి చల్లార్చి కలిపి, ఓ పన్నెండు గంటలు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ సమయమంతా ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పెడితే పులియడం మొదలవుతుంది. పైన తేరిన రసాన్ని వంచుకోవాలి.

ఇక ఈ రసంతో వైన్ తీసే సంగతి. ఇదే రసం గోవాలో పులియబెట్టి బట్టీ పడితే ఫెనీ అవుతుంది, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడ ఎక్సైజ్ లైసెన్సు లేకుండా పులియబెట్టి సారాయో వైనో తీయడం నేరం. మీ కథనంలో ఆ ముక్క రాసి ఉండాల్సింది. ప్రెస్సు పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు, రసంతో సిరప్ చేసుకోవచ్చు. లైసెన్సున్న యూనిట్లు మార్చి నుంచి మే దాకా తాజా రసాన్ని తోటల దగ్గరే కొనేలా ఉద్యానశాఖ చూడాలి. మండలానికొక ప్రెస్సు రైతు సేవా కేంద్రంలో పెట్టించినా మంచిదే. కాకపోతే బిల్లు మంజూరు చేసే ముందు ఎవరో ఒకరు వంగి, చానల్ నిలువుగా ఉందో పడుకుని ఉందో చూడాలి.

– ఒక పాఠకుడు, పలాస