రెండో గట్టును మాకు వదలండి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక కాలువ పక్క ఊళ్లో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదకొండేళ్లుగా వారానికి నాలుగైదు రోజులు తెల్లారగట్ల సైకిలేసుకుని కాలువ గట్ల మీద తిరుగుతున్నాను. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. ప్రతి కాలువకీ రెండు గట్లుంటాయి. చాలాచోట్ల ఒక గట్టు మీద ఇప్పటికే తారు రోడ్డు పడింది, లేనిచోట రేపో మాపో పడుతుంది. రెండో గట్టు మీద తారూ సిమెంటూ వేయకుండా, గ్రావెల్ పరిచి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేయండి.

పట్నాల్లో కుర్రాళ్లు ఇప్పుడు గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. తారు రోడ్డు దిగి, కాస్త లావు టైర్ల సైకిళ్లతో మట్టి బాటల మీద దూరాలు తొక్కడం. 40 మిల్లీమీటర్ల టైరులో గాలి కొంచెం తగ్గించి పెడితే గులకరాళ్ల మీద కూడా చేతులు అదరకుండా పోతుంది. సెలవులకి ఇలాంటి సైకిళ్లు వేసుకుని మా వైపు వచ్చేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. మాకు మాత్రం గ్రావెల్ అనే మాట పాతదే. ‘గట్టు మీద గ్రావెల్ తోలారు’ అని మా ఊళ్లో బడి మొహం చూడని ముసలాయన కూడా అంటాడు. హ్యాండిల్‌కి రెండు పాల క్యాన్లు తగిలించుకుని, వెనక గడ్డిమోపు కట్టుకుని గట్టు మీద పోయే మనిషి చేస్తున్నదీ ఆ పనే. నేను అడిగే బాట ముందు ఆయనకి, ఆ తర్వాతే సరదాకి తొక్కే నాలాంటివాడికి.

ఒక్కసారి ఆ గట్టు మీద పొద్దున్న అయిదున్నరకి ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. నీళ్ల మీద పొగమంచు ఇంకా తొలగి ఉండదు. కాలువని కనిపెట్టుకుని ఉండే లస్కరు తూము దగ్గర షట్టర్ ఒక చుట్టు తిప్పి, కర్రతో నీటిమట్టం చూసుకుంటాడు. లకుముకి పిట్ట తీగ మీంచి నీళ్లలోకి పడి, చేపతో లేచి మళ్లీ అక్కడికే వస్తుంది. గ్రావెల్ బాగున్న చోట టైరు కింద సన్నగా కరకరమని చప్పుడు, అంతే. వంద గజాల అవతలి తారు గట్టు మీద లారీ హారన్ కొడుతూ ఉంటుంది, ఇటు మాత్రం నా ఊపిరి నాకే వినిపిస్తుంది. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే నడిచేవాళ్లు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లు, మేకలు తోలుకునే పిల్లలు, అందరూ ఆ గట్టు మీదే కనిపిస్తారు.

ఈ గట్ల మీద నడక ఈనాటిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర ఈ కాలువల్ని పొలాలకు నీళ్లివ్వడానికి ఎంత తవ్వించాడో పడవలు తిరగడానికీ అంతే తవ్వించాడు. పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకులు ఇన్ని ఊళ్లల్లో ఉన్నది అందుకే. గాలి వాలుగా లేనప్పుడు పడవకి తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. ఏలూరు కాలువ మీదుగా కృష్ణా కాలువల్లోకి, అక్కణ్నుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా సరుకు పోయేది. రైలూ లారీలూ వచ్చాక పడవలు పోయాయి. గట్టు మిగిలింది.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో వర్జీనియాలో ఉంటాడు. వాడి ఇంటికి దగ్గర్లో చెసపీక్ అండ్ ఒహాయో అనే పాత కాలువ ఉంది. వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు, అంటే దాదాపు 297 కిలోమీటర్లు. అక్కడ పడవల్ని కంచరగాడిదలు లాగేవి. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. తర్వాత ఆ దారి వెంట మోటారు రోడ్డు వేద్దామన్నారు, ఒక పెద్ద పత్రిక సంపాదకీయం రాసి మరీ సమర్థించింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ ఆ పత్రికకి ఉత్తరం రాశారు: వచ్చి నాతో నడిచి చూడండి, అప్పుడు చెప్పండి అని. 1954 మార్చిలో ఆయన ఆ గట్టు పొడవునా నడిచారు. పత్రిక మాట మార్చుకుంది. 1971లో ఆ కాలువని జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. ఇప్పుడు మా తమ్ముడు పిల్లల్ని వేసుకుని ఆదివారాలు దాని మీదే సైకిల్ తొక్కుతాడు, ఫొటోలు పంపుతాడు. ఆ ఫొటోల్లోని మట్టిబాట చూస్తే, రెండు కొబ్బరిచెట్లు పెడితే మన ఊరే కదా అనిపిస్తుంది.

వాళ్లది నిద్రపోయిన కాలువ. మనవి గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ కలిపి పది లక్షల ఎకరాలకు పైగా నీళ్లు పారిస్తున్న కాలువలు. అందుకే గట్టు విషయంలో మీ ఇంజనీర్లకి ఉండే భయం నాకు అర్థమవుతుంది. గండి పడితే ఊళ్లకి ఊళ్లే మునుగుతాయి. కానీ గట్టుకి చేటు సైకిల్ వల్ల రాదు. ఇసుక ట్రాక్టర్లు, రొయ్యల మేత లారీలు తడిసిన గట్టెక్కి చక్రాల గాడులు తీస్తాయి. ఆ గాడుల్లో వాననీళ్లు నిలిచి, ఎండ్రకాయల బొరియల్లోకి, ఎలుక బొరియల్లోకి దిగి, గట్టుని లోపల్నుంచి తినేస్తాయి. చదునుగా గ్రావెల్ పరిచి, మధ్య కొంచెం ఎత్తు పెట్టి, వాననీరు జారిపోయేలా చేస్తే గట్టుకే మంచిది. లస్కరు అర్ధరాత్రి టార్చి పట్టుకుని సైకిల్ మీద తిరిగి ఊట ఎక్కడ పడుతోందో చూడగలడు. తుమ్మ కంప అడ్డంగా పెరిగిన గట్టు మీద ఆయనైనా ఎలా తిరుగుతాడు?

నాకు జరిగింది కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట వేసవిలో మా దగ్గర కాలువలో పూడిక తీశారు. తీసిన మట్టి రెండో గట్టు మీద కుప్పలుగా పోసి, చదును చేయకుండానే కాంట్రాక్టర్ మనుషులు వెళ్లిపోయారు. అందులో సీసా పెంకులు, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క వేళ్లు. ఎండకి పెళ్లలు కట్టి రాయిలా బిగిసింది. తొలి వానకి జిగటబురద అయిపోయింది. పది గజాలు పోయేసరికి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగదు. పుల్ల విరిచి గోక్కోవాలి, మళ్లీ పది గజాలు పోవాలి. మా బళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయి అవతలి ఊరి నుంచి రోజూ ఆ గట్టు మీదే వచ్చేది. చేసేది లేక తారు గట్టుకి మారింది. ఆగస్టులో ఒక రోజు వెనక నుంచి రొయ్యల లోడు వ్యాను రాసుకుంటూ పోతే పక్కకి జరిగి, జారి, నిండు కాలువలో పడింది. రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్లు తడిచీర విసిరి, అది పట్టుకుంటే లాగారు. బతికింది. మర్నాడు నా దగ్గరకొచ్చి, లెక్కల నోట్సు బ్యాగుతో పాటు పోయింది సార్, మళ్లీ రాసుకోవాలా అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. సైకిలు మరుసటి ఏప్రిల్‌లో కాలువ కట్టేసి నీళ్లు ఆపాక బురదలో కనబడింది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి సోలార్ పలకల కప్పు వేశారు. 2023లో తెరిచారు. నేనూ వెళ్లి తొక్కాను, బాగుంది. మాకు అంత ఖర్చు అక్కర్లేదు. గట్టు పొడవునా నిద్రగన్నేరు చెట్ల నీడ ఉంది. మూడు మీటర్ల వెడల్పున గ్రావెల్, కంప కొట్టడం, ఊరి దగ్గర గట్టెక్కే చోట సైకిల్ పట్టేంత సందు వదిలి రాతి దిమ్మెలు పాతడం, ఇంతే. కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు వెళ్లాల్సిన చోట ఒక దిమ్మెని తాళం తీసి పక్కన పెట్టుకునేలా ఉంచితే రైతుకీ ఇబ్బంది ఉండదు. ఆ తాళం 1997 చట్టం కింద ఏర్పడ్డ నీటి వినియోగదారుల సంఘాల చేతికివ్వండి. ఎవరి ధాన్యం ఎప్పుడు బయటికి రావాలో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఊరి బాటని ఊరివాళ్లకి అప్పగిస్తే చూసుకుంటారనడానికి మారేడుమిల్లి ఉంది. అక్కడ అడవిలో పర్యాటకుల బాగోగులు వన సంరక్షణ సమితుల గిరిజనులే చూస్తున్నారు. అడవి బాటల మీద సైకిళ్ల సంగతి వేరే శాఖది కాబట్టి ఆ ఉత్తరం విడిగా రాస్తాను.

చెత్త గురించి రెండు మాటలు. రెండో గట్టు ఎవరికీ అక్కర్లేదనుకున్న ప్రతి ఊళ్లోనూ అది డంపింగ్ యార్డు అయింది. వానకి ఆ చెత్త కాలువలోకి దిగుతుంది, ఆ నీళ్లే కింది ఊళ్ల మంచినీళ్ల చెరువులకి వెళ్తాయి. పొద్దునా సాయంత్రం మనుషులు తిరిగే గట్టు మీద చెత్త పోయడానికి ఎవరైనా జంకుతారు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. అప్పుడు చేయించే పనులకి అంచనాలు ముందే తయారవుతాయి. వాటిలో రెండు వాక్యాలు చేర్పించండి: తీసిన పూడిక రెండో గట్టు మీద వదిలేయకూడదు, పోస్తే చదును చేసి గ్రావెల్ వేశాకే బిల్లు. ముందు ఒక్క కాలువ మీద, లాకుల నుంచి లాకుల దాకా ఒక్క ముక్క చేసి చూడండి. ఏ ముక్క బాగుంటుందో మీ ఇంజనీర్లు అడిగితే పక్కనుండి నడిచి చూపిస్తాను. తూములు ఎక్కడున్నాయో, గట్టు ఎక్కడ కుంగిందో, ఏ మలుపులో పిల్లలు సైకిల్ దిగి నడుస్తారో నా నోట్‌బుక్‌లో రాసి ఉంది.

ఇట్లు,
పశ్చిమ డెల్టా నుంచి ఒక లెక్కల మాస్టారు